బ్రేక్ ప్యాడ్లు ఎన్ని వేల కిలోమీటర్లు రావాలి, మార్చడానికి ఎంతవుద్ది? (కారు ప్రశ్నలు – జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బ్రేకుల మీదే. శ్రీశైలం వెళ్లొచ్చి భయపడ్డవాళ్లు కొందరు, సర్వీసింగ్ ఎస్టిమేట్ చూసి గుండె పట్టుకున్నవాళ్లు కొందరు. ఒకే ప్రశ్న చాలామంది అడిగితే ఒక్కళ్లదే వేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

నాది పెట్రోల్ స్విఫ్ట్, మాన్యువల్. 28 వేల కిలోమీటర్లు తిరిగింది. సర్వీసింగ్‌కి ఇస్తే ముందు ప్యాడ్లు అయిపోయాయి, డిస్కులు కూడా మార్చాలి అని 10,400 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. మా బావమరిది గుంటూరులో ఉంటాడు, అదే కారు, 55 వేలు దాటినా ప్యాడ్లు ముట్టుకోలేదంట. నన్ను మోసం చేస్తున్నారా?
– ఒక పాఠకుడు, పటమట

మోసమో కాదో చక్రం విప్పితేగానీ తెలీదండీ, కానీ 28 వేలకి ప్యాడ్లు (చక్రంతో పాటు తిరిగే డిస్కుని రెండు పక్కలా నొక్కి ఆపే పలకలు) అయిపోవడంలో వింతేమీ లేదు. ముందు మీ బావమరిది ఎక్కడ తిరుగుతాడో అడగండి. ఆయన రోజూ చిలకలూరిపేట వైపు హైవే మీద వెళ్లొచ్చే మనిషైతే బ్రేకు తొక్కేదే తక్కువ. మీరేమో పటమట నుంచి బెంజ్ సర్కిల్, అక్కణ్ణుంచి బందరు రోడ్డు పట్టుకుని బస్టాండు దాకా వెళ్లాలంటే ముందు ఆటోవాడు ఎక్కడ ఆపుతాడో తెలీదు, పక్కనుంచి బైకు ఎప్పుడు దూరుద్దో తెలీదు, కాలు బ్రేకు మీంచి తీసేదెప్పుడు? మామూలుగా ముందు ప్యాడ్లు 30 వేల నుంచి 60 వేల మధ్యలో వస్తాయి, సిటీలో తిరిగే ఆటోమేటిక్ బండికి ఇంకా ముందే అయిపోవచ్చు (గేరు మీద బండి తగ్గడం తక్కువ కదా, భారమంతా ప్యాడ్ల మీదే), హైవే బండికి అంతకంటే ఎక్కువా రావచ్చు.

అందుకే ఈ కిలోమీటర్ల లెక్క పక్కనపెట్టి మిల్లీమీటర్లు అడగండి. కొత్త ప్యాడ్‌కి వెనకున్న ఇనప ప్లేటు వదిలేస్తే అరిగే మెటీరియల్ సుమారు 10 మిల్లీమీటర్లుంటుంది. అది 3కి వచ్చిందంటే మార్చుకునే టైమొచ్చినట్టు, 2కి దిగాక ఇంకో నెల చూద్దాంలే అనడం మంచిది కాదు. "అయిపోయాయి సార్" అనే మాటకి అర్థం 5 మిల్లీమీటర్లు ఉన్నాయనా, 2 ఉన్నాయనా? ఆ అంకె ఎస్టిమేట్ కాగితం మీద రాసివ్వమనండి, రాయడానికి ఇబ్బంది పడితే మీకు సగం సంగతి అక్కడే అర్థమైపోద్ది.

చక్రం విప్పినప్పుడు దగ్గరుండి చూడండి, ఇది మాత్రం మొహమాటపడొద్దు. చాలాచోట్ల బయటికి కనపడే ప్యాడ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పేస్తారు. చూడాల్సింది లోపల పిస్టన్ వైపు ఉండే ప్యాడ్, ఎక్కువగా ముందు అరిగేది అదే. ఫోన్‌లో టార్చి వేసుకుని కాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి నొక్కే బిగింపు) కిటికీలోంచి చూస్తే రెండూ కనపడతాయి. బయటిది 7 ఉండి లోపలిది 2 ఉందనుకోండి, అప్పుడు ప్యాడ్‌ని అనడానికి ఏమీ లేదు, కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు జామైపోయి ఒక పక్కే రుద్దుతోందన్నమాట. రబ్బరు తొడుగు చినిగి లోపలికి నీళ్లూ దుమ్మూ పోయి పిన్ను మీద తుప్పు పట్టి ఉంటుంది, చేత్తో లాగితే రాదు. ఆ పిన్నులు తీసి శుభ్రంగా తుడిచి, బ్రేకులకి వాడే గ్రీజే (మామూలు బేరింగ్ గ్రీజు కాదు, అది రబ్బరుని ఉబ్బిస్తుంది) పెట్టి ఆడేట్టు చేయకుండా కొత్త ప్యాడ్లు వేశారంటే అవీ పదిహేను వేల కిలోమీటర్లకే అరిగిపోతాయి.

ఇక డిస్కులు. మీ ఎస్టిమేట్‌లో నాకు అనుమానంగా ఉన్నది ఇదే. డిస్కు అంచు మీదో మధ్యలో టోపీలాంటి భాగం మీదో కనీస మందం ఎంతుండాలో అంకె పోతపోసి ఉంటుంది. మైక్రోమీటర్ పెట్టి కొలిస్తే అంతకంటే పైనే ఉండి, పగుళ్లు లేకుండా, గోరుతో అడ్డంగా గీస్తే పట్టుకునేంత లోతు గాడులు లేకుండా ఉంటే డిస్కు మార్చే పనే లేదు. 28 వేలకి డిస్కు పోవాలంటే ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి ఇనుముకి ఇనుము తగిలి గరగరలాడుతున్నా తోలి ఉండాలి. మీరు ఆ శబ్దం గురించి రాయలేదు కాబట్టి డిస్కులు బాగానే ఉన్నాయనుకుంటున్నా, కొలిచి చూపించమనండి.

రేట్ల సంగతికొస్తే, మీ సైజు కారుకి కంపెనీ ముందు ప్యాడ్ల సెట్టు రెండు వేలకి అటూ ఇటూ, పేరున్న బయటి బ్రాండ్లు వెయ్యి నుంచి పదిహేను వందలు, లేబర్ బయట నాలుగైదొందలు, షోరూమ్‌లో వెయ్యి దాకా. డిస్కుల జత నాలుగైదు వేలు. క్రెటా లాంటి బండికి ప్యాడ్లే మూడు నాలుగు వేలు అనుకోవాలి. అంటే డిస్కులు పక్కన పెడితే బ్రేక్ ఆయిల్ మార్పిడితో కలిపి నాలుగు వేల లోపు తేలిపోవాలి మీకు. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, "పాత స్టాకండీ" అని పాత లెక్కే వేస్తుంటే బిల్లులో టాక్స్ లైను చూపించి అడగండి. ప్యాడ్లకి వారంటీ వర్తించదు, బంపర్ టు బంపర్ ఇన్సూరెన్సూ ఇవ్వదు, అరిగే వస్తువు కాబట్టి, దాని గురించి వాదన పెట్టుకోవద్దు. విప్పిన పాత ప్యాడ్లు మాత్రం డిక్కీలో పెట్టివ్వమనండి.

రోజూ పొద్దున కారు తీసి మొదటిసారి బ్రేకు వేయగానే గర్రుమని గీరినట్టు శబ్దం. వీధి చివరికి వెళ్లేసరికి ఉండదు. వాన పడ్డ మర్నాడు ఇంకా ఎక్కువ. ప్యాడ్లు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

లేదమ్మా, అది తుప్పు. డిస్కు పోత ఇనుము, రాత్రి తేమకే పైన సన్నగా ఎర్ర పొర కడుతుంది, నాలుగుసార్లు బ్రేకు పడగానే ప్యాడ్లు దాన్ని గీకేస్తాయి. డబ్బు ఖర్చు పెట్టొద్దు. రోజంతా బ్రేకు వేసినప్పుడల్లా సన్నగా కీచుమంటుంటే అప్పుడు చూపించండి, చాలా ప్యాడ్లకి ఒక చిన్న ఇనప నాలుక ఉంటుంది, ప్యాడ్ అరిగే కొద్దీ అది డిస్కుకి తగిలి అలా అరుస్తుంది, పెట్టిందే అందుకు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా కారు రెండు రోజులు సీట్ల దాకా నీళ్లలో ఉండిపోయింది. ఇన్సూరెన్స్‌లో ఇంజినూ, వైరింగూ చేయించాం, బాగానే నడుస్తోంది. కానీ ఈమధ్య హ్యాండ్ బ్రేక్ దించినా బండి పట్టేసినట్టుంటోంది, ఆపి దిగితే వెనక కుడి చక్రం దగ్గర కాలిన వాసన. మైలేజీ కూడా పడిపోయింది.
– ఒక పాఠకుడు, సింగ్ నగర్

మీ ఏరియా నుంచి ఇలాంటి ఉత్తరాలు ఆగట్లేదండీ. వరద బళ్లకి అందరూ ఇంజిన్ చూశారు, సీట్లు ఉతికించారు, సెంటు కొట్టించారు, వెనక డ్రమ్ములు విప్పి చూసినవాళ్లు మాత్రం తక్కువ. మీ కారుకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉండి ఉంటాయి. డిస్కు బయటికే ఉంటుంది కాబట్టి బురద కడిగితే పోతుంది, డ్రమ్ము మూతపెట్టిన గిన్నె, అందులోకి నీళ్లతో పాటు వెళ్లిన ఒండ్రు బయటికి రాదు. విప్పించి చూడండి, కింద కొడితే ఎండిన మట్టి పెచ్చులు పెచ్చులుగా రాలుద్ది, లోపల స్ప్రింగులు ఎర్రగా తుప్పుపట్టి ఉంటాయి, అడ్జస్టర్ మర ఒక్క పన్ను కూడా తిరగదు. అదీ కాకపోతే హ్యాండ్ బ్రేక్ కేబులు, కారు అడుగున గొట్టంలోంచి వెళ్తుంది, గొట్టంలో నీళ్లు నిలిచి తీగ తుప్పు పట్టిందంటే లివరు దించినా కేబులు వెనక్కి రాదు. షూలు (డ్రమ్ము లోపల ప్యాడ్ల పని చేసేవి) డ్రమ్ముని పట్టుకునే ఉంటాయి, మీకు వాసనా మైలేజీ దెబ్బా అక్కణ్ణుంచే.

అప్పటిదాకా ఆ బండి హైవే ఎక్కించకండి. చక్రం వేడెక్కితే బేరింగులో గ్రీజు కరిగిపోద్ది, షూలని నెట్టే వీల్ సిలిండర్ రబ్బర్లు ఉడికిపోయి ఆయిల్ లీకవుద్ది, అప్పుడు వెనక బ్రేకులే ఉండవు. రెండు వెనక చక్రాలూ విప్పించి, షూలు, స్ప్రింగుల కిట్టు, అవసరమైతే వీల్ సిలిండర్లు, కేబులు మార్పించండి, చిన్న కారుకి అన్నీ కలిపి నాలుగైదు వేలు దాకా అవ్వచ్చు. కుడిదే పట్టేసింది కదా అని ఒక్కటే చేయిస్తే బ్రేకు ఒక పక్కకి లాగుద్ది. బ్రేక్ ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోయించడం మర్చిపోవద్దు, వరద తర్వాత ఎవరూ మార్చి ఉండరని నా అంచనా.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి కూడా చెప్తున్నా, వెనక డ్రమ్ము ఒకటి విప్పి చూపించమనండి. సీటు కవర్లు మారుస్తారు, మ్యాట్లు మారుస్తారు, డ్రమ్ములో ఒండ్రు మాత్రం ఎవరూ తీయరు.

కుటుంబంతో శ్రీశైలం వెళ్లి వస్తూ దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే కాలిన వాసన వచ్చింది, తర్వాత పెడల్ లోపలికి వెళ్లిపోయింది, బ్రేకు సరిగ్గా పడలేదు. పక్కన ఆపి అరగంట ఆగాక మళ్లీ మామూలుగా పడింది. ఇంటికొచ్చాక మెకానిక్‌కి చూపిస్తే ప్యాడ్లు బానే ఉన్నాయన్నాడు. మరి అప్పుడేమైంది?
– ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

దేవుడి దయవల్ల ఆగే చోటు దొరికింది మీకు. అక్కడ రెండు సంగతులు జరిగుంటాయి. ఒకటి, దిగువకి బండి పరిగెత్తే బలమంతా వేడి కింద మారి ప్యాడ్లలోకి పోద్ది, బ్రేకు అంటే అంతే కదా, వేగాన్ని వేడి చేసే యంత్రం. మీరు కాలు తీయకుండా సన్నగా తొక్కుతూనే దిగితే ఆ వేడి చల్లారే సందు ఉండదు, ప్యాడ్ పట్టు పోతుంది. రెండోది పెడల్ లోపలికి వెళ్లడం, ఇది బ్రేక్ ఆయిల్ పని. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, డబ్బా మూత బిగించే ఉన్నా ఏళ్ల తరబడి రబ్బరు పైపుల గుండా కొంచెం కొంచెం పీలుస్తూనే ఉంటుంది. డాట్ 4 (బ్రేక్ ఆయిల్ గ్రేడు) ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ గ్యారంటీ 155కి పడిపోద్ది. డాట్ 3 అయితే 205, తేమ పట్టాక 140. కాలిపర్ అంత వేడెక్కిందంటే ఆయిల్లో బుడగలు లేస్తాయి, ఆయిల్‌ని నొక్కితే బ్రేకు పడుద్ది గానీ బుడగని నొక్కితే బుడగే నలుగుద్ది, మీ కాలు ఫ్లోరు దాకా వెళ్లిపోద్ది. చల్లారగానే బుడగలు మాయం, అందుకే ఇంటికొచ్చాక ఎవరికీ ఏమీ దొరకలేదు.

ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తులేదంటే ఇప్పుడే మార్పించండి, లేబర్‌తో కలిపి వెయ్యి లోపు పని, రెండేళ్లకోసారి ఏ బండికైనా చేయించాలి. తిరుమల అయినా కోటప్పకొండ అయినా దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి, రెండో మూడో, ఇంజిన్ గోల చేస్తే చేయనివ్వండి, దానికేమీ కాదు. ఆటోమేటిక్ అయితే ఎల్ లోనో మాన్యువల్ మోడ్‌లోనో పెట్టండి. బ్రేకు కావాల్సినప్పుడు గట్టిగా వేసి వేగం తగ్గించి పూర్తిగా వదిలెయ్యండి, మళ్లీ వేగం పెరిగాక మళ్లీ.

దీనికి సంబంధించే ఇంకొకాయన రాశారు, మా మామయ్య పెట్రోలు మిగులుద్దని ఘాట్లో ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో దింపుతాడు, తప్పా అని. తప్పు కాదండీ, ప్రమాదం. ఇంజిన్ ఆగితే మన కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్‌కి వ్యాక్యూమ్ రాదు, మిగిలిన దాంతో రెండు మూడుసార్లు పడుద్ది, తర్వాత పెడల్ రాయిలాగా బిగుసుకుంటుంది, స్టీరింగూ బరువెక్కుద్ది. పైగా మిగిలేదీ లేదు, ఇప్పటి ఇంజెక్షన్ బళ్లు గేరులో ఉండి యాక్సిలేటర్ వదిలేస్తే పెట్రోలు వాటంతట అవే ఆపేస్తాయి. ఆ మామయ్యగారికి ఈ పేజీ చూపించండి.

ఆటోనగర్‌లో ఒక షాపులో ప్యాడ్ల సెట్టు 600కే ఇస్తానంటున్నారు, కంపెనీ డబ్బాలోనే ఉంది. ఇంకో షాపులో అదే 1,900. మా డ్రైవర్ 600ది చాలంటున్నాడు.
– ఒక పాఠకురాలు, భవానీపురం

కంపెనీ డబ్బా ప్రింటు కొట్టించడం ఎంతసేపు పనండీ. మూడోవంతు రేటుకి అసలు సరుకు ఎవరూ అమ్మరు. డూప్లికేట్ ప్యాడ్‌తో వచ్చే మొదటి గొడవ అరుగుదల కాదు, వేడెక్కినప్పుడు పట్టు వదిలెయ్యడం, అంతకంటే ఘోరం మెటీరియల్ ప్లేటు నుంచి ఊడి రావడం. బడ్జెట్ చూసుకోవాలంటే కంపెనీదే కొననక్కర్లేదు, రానే, టీవీఎస్ గర్లింగ్, బాష్ లాంటి పేరున్న బ్రాండ్ల ప్యాడ్లు అదే ఆటోనగర్‌లో బిల్లుతో దొరుకుతాయి, కంపెనీ రేటుకంటే తక్కువే. బిల్లు ఇవ్వననే షాపు వద్దు. ప్లేటు మీద బ్రాండూ, బ్యాచ్ నంబరూ శుభ్రంగా అచ్చయి ఉన్నాయా, నాలుగు ప్యాడ్లూ ఒకే బ్యాచా, చేతిలో పట్టుకుని అంచులు చూడండి, పొరల మధ్య చీలిక కనపడిందంటే వెనక్కిచ్చెయ్యండి.

కొత్త ప్యాడ్లు వేశాక మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు కొట్టొద్దని డ్రైవర్‌కి చెప్పండి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20 దాకా నెమ్మదిగా తగ్గించడం, వదిలెయ్యడం, కొంచెం తోలి మళ్లీ తగ్గించడం, పదిసార్లు ఇలా చేస్తే ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి కూర్చుంటాయి. వేసిన రోజు బ్రేకు కొంచెం తక్కువ పట్టినట్టుంటే కంగారు పడక్కర్లేదు.

హైవే మీద 90లో ఉండి కాజ టోల్‌గేట్ దగ్గర బ్రేకు వేస్తే స్టీరింగ్ గడగడా వణుకుతోంది. వీల్ బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా తగ్గలేదు.
– ఒక పాఠకుడు, మంగళగిరి

బ్రేకు వేయకుండా ఉన్నప్పుడు కూడా వణికితే బ్యాలెన్సింగ్, బ్రేకు వేస్తేనే వణికితే డిస్కు. ఇంక మూడోసారి బ్యాలెన్సింగ్‌కి డబ్బులివ్వకండి. డిస్కు మందం ఒకచోట ఒకలాగా ఇంకోచోట ఇంకోలాగా అయిపోయింది, వెంట్రుకవాసి తేడా చాలు స్టీరింగ్‌లో తెలిసిపోద్ది. మనవాళ్లు చేసే పని ఒకటుంది, మే నెల మధ్యాహ్నం హైవే మీద నుంచి దిగి డిస్కులు కాలిపోతుండగానే వాటర్ సర్వీసింగ్‌లో దూరిపోయి ప్రెషర్ నీళ్లు కొట్టిస్తారు. కాసేపు చల్లారనిచ్చి కడిగించండి. టైర్ల షాపుల్లో గన్ పెట్టి నట్లు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగించినా ఇదే జబ్బు వస్తుంది. డిస్కు మందం మిగిలుంటే లేత్ పట్టించండి, ఒక్కోదానికి కొన్ని వందల్లో పోతుంది, రెండు పక్కలా చేయించాలి. లేత్ పట్టాక కనీస మందం కంటే కిందకి వెళ్తుందంటే కొత్తవే.

వానలో వారధి మీద గట్టిగా బ్రేకు వేస్తే పెడల్ కింద టకటకమని కొట్టింది, భయమేసి కాలు తీసేశా. ఏమైనా విరిగిందా?
– ఒక పాఠకురాలు, తాడేపల్లి

అది ఏబీఎస్, దాని పని అది చేసింది. మన దగ్గర 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిట్లో తప్పనిసరి. చక్రం లాక్ అవ్వకుండా సెకనులో చాలాసార్లు పట్టి వదులుతుంది, మీ కాలికి తెలిసింది ఆ దెబ్బలే. అలా కొట్టినప్పుడు కాలు తీయకూడదు, ఇంకా గట్టిగా నొక్కే ఉంచి స్టీరింగ్ ఖాళీ ఉన్నవైపు తిప్పుకోండి. ఏబీఎస్ ఉంది కదా అని దగ్గర్లో ఆగిపోద్దనుకోవద్దు, వేగం 40 నుంచి 80 అయితే ఆపాల్సిన శక్తి రెండింతలు కాదు నాలుగింతలు. ఆ రోజు బండి జారినట్టు కూడా అనిపించి ఉంటే టైర్లు చూపించండి, గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టప్రకారమే పనికిరావు, వానకి నా లెక్కలో 3 ఉంటేనే నమ్మకం.

వీడియోలు చూసి మా అబ్బాయి ప్యాడ్లు తనే మారుస్తానంటున్నాడు, అపార్ట్‌మెంట్ సెల్లార్లో. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. చేయనివ్వచ్చా?
– ఒక తండ్రి, గొల్లపూడి

ముందు డిస్కు ప్యాడ్లయితే చేయనివ్వండి, చేతికి పని వస్తుంది. డ్రమ్ములు మాత్రం వద్దు, ఆ స్ప్రింగులతో కుస్తీ పట్టాలి. వెనక హ్యాండ్ బ్రేక్ మోటారుతో పనిచేసే కార్లకి వెనక కూడా వద్దు, దానికి కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ కావాలి. కారుతో వచ్చిన జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం తీయొద్దు, స్టాండ్లు అద్దెకైనా తెచ్చుకోమనండి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాలి. కాలిపర్ విప్పాక దాన్ని రబ్బరు పైపు మీద వేలాడదీయకుండా తీగతో స్ప్రింగుకి కట్టుకోవాలి. పిస్టన్ లోపలికి నొక్కేటప్పుడు పైన డబ్బాలో ఆయిల్ లేస్తుంది, ఎవరో "ఆయిల్ తగ్గింది" అని మధ్యలో టాపప్ చేసి ఉంటే పొంగి పెయింటు మీద పడుద్ది, పెయింటు పోతుంది, మూత తీసి ఒక కన్నేసి ఉంచాలి. అసలు ఆయిల్ తగ్గడమే ప్యాడ్లు అరిగాయని చెప్పే గుర్తు, లీకు లేకపోతే. దుమ్ముని ఎయిర్ పైపుతో ఊదొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోద్ది, బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడవాలి. అన్నీ బిగించాక స్టార్ట్ చేసే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూ ఉండమనండి, వెనక్కి వెళ్లిన పిస్టన్ ముందుకొచ్చేదాకా బ్రేకు ఉండదు, ఇది మర్చిపోయి ఎదురుగా ఉన్న స్తంభానికి గుద్దినవాళ్లు చాలామంది. పెడల్ ఎంతకీ గట్టిపడకుండా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి చేరింది, బండి కదపకుండా మెకానిక్‌ని సెల్లార్‌కే పిలిపించండి.